కొళాయి ‘జివ్వు’మంటే...

చలికాలం మొదలైతే చాలు, పాత ఇళ్లలో ఓ మాట వినిపిస్తుంటుంది. ‘గీజరు ఆపేశాకే కొళాయి తిప్పండి. లేకపోతే జివ్వుమంటుంది’ అని. ఇంటికొచ్చిన చుట్టాలకు తువ్వాలు, సబ్బుతోపాటు ఈ జాగ్రత్త కూడా చెప్పి పంపిస్తారు. కొన్నిళ్లలో స్నానాల గదిలోకి రబ్బరు చెప్పులేసుకునే వెళ్లాలి. కొన్నిళ్లలో కొళాయి పిడికి ఓ గుడ్డముక్క చుట్టి ఉంటుంది. ఇంకొన్నిచోట్ల ప్లాస్టిక్ స్టూలు మీద కూర్చునే స్నానం. ఇంటిల్లిపాదీ దానికి అలవాటుపడిపోతారు. ‘చిన్న షాకే కదా, ఏమవుతుందిలే’ అనుకుంటారు.

ఆ అలవాటే అసలు ప్రమాదం. కొళాయి అనండి, నల్లా అనండి... అది జివ్వుమనడం కరెంటు మనకు పంపే మొదటి నోటీసు. రెండో నోటీసు వస్తుందన్న భరోసా లేదు.

ఇంట్లో ఇన్ని గదులుండగా స్నానాల గదికే ఎందుకీ భయం? ఒళ్లంతా తడి. నేలంతా తడి. కాళ్లకు చెప్పులుండవు. చెయ్యి చాపితే అందేంత దూరంలో ఇనుము, ఇత్తడి, స్టీలు. వీటన్నిటికీ తోడు తలుపు లోపల గడియ. వంటింట్లో షాక్ కొడితే ఎవరో ఒకరు చూస్తారు. ఇక్కడ బయటివాళ్లకు తెలిసేసరికే ఆలస్యమైపోతుంది.

అలాగని గీజరు మానేయనక్కర్లేదు. పాత ఇంటిని పడగొట్టి కట్టనక్కర్లేదు. గోడలో ఏం జరుగుతోందో అర్థం చేసుకుని, రెండు మూడు పనులు ఒక వరుసలో చేయించుకుంటే చాలు.

ఎంత కరెంటు... ఎంత ముప్పు?

మనింటికి వచ్చే కరెంటు 230 వోల్టులు. అయితే ప్రాణం మీదికి తెచ్చేది ఒంట్లోంచి ఎంత కరెంటు, ఎంతసేపు ప్రవహించిందన్నదే. దీన్ని మిల్లీ యాంపియర్లలో కొలుస్తారు. యాంపియర్‌లో వెయ్యో వంతన్నమాట. ఒక మిల్లీ యాంపియర్ అయితే చీమ కుట్టినట్టుంటుంది. పది దాటేసరికి చేతి కండరాలు బిగుసుకుపోతాయి. పట్టుకున్నదాన్ని వదలాలనుకున్నా వదల్లేం. ముప్ఫై దాటిన కరెంటు కొంతసేపు ఒంట్లో పారితే గుండె లయ తప్పే ప్రమాదం మొదలవుతుంది.

అమెరికాలో బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆచార్య చార్లెస్ డాల్జీల్ ఈ లెక్కల కోసం ఆరోగ్యవంతులైన వాలంటీర్లతో ప్రయోగాలు చేశారు. పట్టుకున్న తీగను వదలగలిగే హద్దు మగవాళ్లలో సగటున 16 మిల్లీ యాంపియర్లని, ఆడవాళ్లలో పదిన్నర అని తేలింది. ఆ పరిశోధనల పర్యవసానంగానే 1961లో ఆయన లీకేజీని పసిగట్టి కరెంటు కట్ చేసే పరికరాన్ని రూపొందించారు. దాని సంగతి తర్వాత చెప్పుకుందాం.

ఇప్పుడు మన స్నానాల గదికొద్దాం. పొడి చర్మం కరెంటును కొంత అడ్డుకుంటుంది. తడిస్తే ఆ అడ్డు చాలావరకు తొలగిపోతుంది. తడిసిన ఒంటి నిరోధం వెయ్యి ఓములనుకుందాం. 230 వోల్టులు తగిలితే పారే కరెంటు 230 మిల్లీ యాంపియర్లు. గుండెకు ముప్పు మొదలయ్యే హద్దు కన్నా ఏడు రెట్లు ఎక్కువ!

‘మా బోర్డులో ఎంసీబీ ఉందండీ, టక్కున పడిపోతుంది’ అంటారు చాలామంది. గీజరుకు పెట్టే ఎంసీబీ 16 యాంపియర్లది. అంటే 16,000 మిల్లీ యాంపియర్లు. మన ఒంట్లోంచి పోయే 230 దానికి లెక్కలోకే రాదు. దాని ముఖ్యమైన పని తీగలు వేడెక్కి కాలిపోకుండా చూడటం. షాక్ కొట్టిన మనిషిని కాపాడటం దానికి చేతకాదు.

ఇనుప గొట్టాల కాలంలో...

పాత ఇళ్లలో నీళ్ల పైపులన్నీ ఇనుమువే. జింకు పూత పూసిన జీఐ పైపులు. నేలలోంచి పైకి, పైన ట్యాంకు నుంచి కిందికి, గోడలోంచి కొళాయి దాకా అంతా ఒకే లోహపు గొలుసు. మరలు బిగించిన ప్రతి జాయింటూ ఆ గొలుసుకు ఓ లంకె.

దీనివల్ల ఎవరూ అనుకోని ఓ మేలు జరిగింది. గీజరులో ఎక్కడైనా కరెంటు లీకైతే అది పైపులోకి, పైపులోంచి భూమిలోకి పోయేది. గీజరు, కొళాయి, షవరు అన్నీ ఒకదానికొకటి కలిసే ఉండేవి. ఒకదానికీ మరోదానికీ మధ్య వోల్టేజీ తేడా పెద్దగా ఉండేది కాదు. ఇదేదో ఇంజినీరు గీసిన ప్లాను కాదు. ఆ రోజుల్లో వేరే రకం పైపు దొరక్క దక్కిన రక్షణ.

తర్వాత ఏమైంది? ఇనుము తుప్పుపట్టింది. గోడ చెమ్మగిల్లింది. ప్లంబర్ వచ్చి పాడైన ముక్క కోసేసి దాని స్థానంలో పీవీసీదో సీపీవీసీదో అతికించాడు. మరో రెండేళ్లకు ఇంకో చోట ఇంకో ముక్క. నీళ్లు కారడం ఆగింది. వాటితోపాటే కరెంటు భూమిలోకి పోయే దారీ తెగింది. ఆ సంగతి ప్లంబరుకు తెలియదు. గోడ లోపలి విషయం ఎలక్ట్రీషియన్‌కు కనబడదు. ఇంటి యజమానికి ఎవరూ చెప్పరు.

ఇప్పుడు ఆ గదిలో గోడకున్న ఇనుప ముక్క, దానికున్న కొళాయి, గీజరు నుంచి వచ్చే స్టీలు జడ పైపు... అన్నీ దేనికది విడివిడి దీవులు. గీజరులో లీకైన కరెంటు స్టీలు పైపు మీదుగా కొళాయి దాకా వస్తుంది. అక్కడి నుంచి ముందుకు దారి లేదు. తడికాళ్లతో నిలబడి మనం కొళాయి పట్టుకున్నామా... ఆ దారి మనమే అవుతాం.

పైపులన్నీ పూర్తిగా ప్లాస్టిక్‌వైతే ఈ బెడద చాలావరకు తగ్గుతుంది. మీటరు పొడవున్న అరంగుళం ప్లాస్టిక్ పైపులోని నీటికి పదుల వేల ఓముల నిరోధం ఉంటుంది. ఉప్పుశాతం ఎక్కువున్న బోరు నీళ్లయితే అది తగ్గి, ఆ నీళ్లలోంచే ‘జివ్వు’మనిపించేంత కరెంటు వస్తుంది. చిక్కంతా సగం ఇనుము, సగం ప్లాస్టిక్ అయిన పాత ఇళ్లతోనే.

ఇంకో పాత అలవాటూ ఉంది. వేరే ఎర్తు ఎందుకులే అని ఎర్తు తీగను నీళ్ల పైపుకే చుట్టేయడం. ఆ పైపులో ఓ ముక్క ప్లాస్టిక్‌గా మారిన రోజున ఆ ఎర్తు కాస్తా ఉత్త తీగ అయిపోతుంది. పైన ఒకరు, కింద ఒకరు అద్దెకుండే ఇళ్లలో ఇది మరీ ప్రమాదం. పై వాటాలో పాడైన వాషింగ్ మెషీన్ కరెంటు కింది వాటా కొళాయిలోకి దిగుతుంది. కింది వాళ్లు తమ గీజరు ఆపేసినా షాక్ ఆగదు. ‘మెయిన్ కట్టేసినా కొళాయి కొడుతోంది’ అంటే తప్పు మీ ఇంట్లో ఉండకపోవచ్చు.

పిట్ట చెప్పే పాఠం

కరెంటు తీగ మీద పిట్ట హాయిగా వాలుతుంది. దానికి షాక్ కొట్టదు. దాని రెండు కాళ్లూ ఒకే తీగ మీద ఉంటాయి కాబట్టి. రెండు కాళ్ల మధ్యా వోల్టేజీ తేడా ఉండదు. తేడా లేనిచోట కరెంటు పారదు.

‘బాండింగ్’ అనే పద్ధతికి మూలం ఇదే. స్నానాల గదిలో చేతికందే లోహపు వస్తువులన్నిటినీ ఒక రాగి తీగతో కలిపేస్తారు. గీజరు ఒంటి ఎర్తు, ఇనుప నీళ్ల పైపు, వేడినీళ్ల పైపు, ఇనుప డ్రైను పైపు ఉంటే అదీ. ఏదైనా ఒకదాంట్లో కరెంటు లీకైతే మిగతావన్నీ దాంతోపాటే లేస్తాయి. ఒక చెయ్యి గీజరు మీద, ఇంకో చెయ్యి కొళాయి మీద ఉన్నా మధ్యలో తేడా ప్రమాదం లేనంత స్వల్పంగా ఉంటుంది. పాతకాలపు ఇనుప గొట్టాలు తెలియకుండా చేసిన పనినే ఈ తీగ తెలిసి చేస్తుంది.

ఎర్తింగ్ వేరు, బాండింగ్ వేరు. లీకైన కరెంటుకు భూమిలోకి దారి చూపించేది ఎర్తింగ్. వస్తువుల మధ్య తేడా రాకుండా చూసేది బాండింగ్. రెండూ అన్నదమ్ముల్లాంటివి. ఒకటి ఉంటే రెండోది ఎందుకులే అనుకోకూడదు. ముఖ్యంగా, ఎర్తు లేని ఇంట్లో ఉత్త బాండింగ్ ఒక్కటే చేయిస్తే మొదటికే మోసం. ఒక్క గీజరుకున్న కరెంటు గదిలోని ప్రతి లోహానికీ పాకుతుంది. మనం నిలబడిన తడి నేల మాత్రం భూమితోనే ఉంటుంది. అంచేత ముందు ఎర్తు, ఆ తర్వాతే ఇది.

బ్రిటన్‌లో ఉంటున్న మన పిల్లల దగ్గరికి వెళ్లొచ్చిన పెద్దవాళ్లు ఈసారి వెళ్లినప్పుడు ఓ పని చేయండి. పాత ఇల్లయితే వాష్‌బేసిన్ కిందికి తొంగిచూడండి. రాగి పైపులను కలుపుతూ ఆకుపచ్చ-పసుపు చారల తీగ ఒకటి కనిపించే అవకాశం ఉంది. తీగను పైపుకు బిగించిన క్లాంపు దగ్గర చిన్న లోహపు బిళ్ల ఉంటుంది. ‘ఇది భద్రత కోసం పెట్టిన కనెక్షన్, తీయొద్దు’ అని దాని మీద రాసి ఉంటుంది. అక్కడి వైరింగు నియమాల 15వ కూర్పు 1981లో వచ్చాక ఈ తీగలు ఇళ్లలో బాగా కనిపించడం మొదలైంది.

2008లో వచ్చిన 17వ కూర్పు ఓ సడలింపు ఇచ్చింది. స్నానాల గదికి వెళ్లే ప్రతి సర్క్యూటుకూ 30 మిల్లీ యాంపియర్ల లీకేజీ రక్షణ ఉండి, తప్పు జరిగినప్పుడు నిర్ణీత సమయంలో కరెంటు ఆగిపోతూ, లోహపు పైపులన్నీ ఇంటి ప్రధాన ఎర్తుకు గట్టిగా కలిసి ఉంటే గదిలో విడిగా బాండింగ్ అక్కర్లేదని చెప్పింది. మూడు షరతులూ నెరవేరితేనే సుమా! మన పాత ఇళ్లలో ఈ మూడింట్లో ఒక్కటైనా నెరవేరుతోందా అన్నది మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఎర్తు గొయ్యి ఉంటే సరిపోతుందా?

కరెంటు స్తంభం నుంచి మన ఇళ్లలో చాలావాటికి వచ్చేవి ఫేజు, న్యూట్రల్ తీగలు రెండే. మూడోదైన ఎర్తు మనమే ఏర్పాటు చేసుకోవాలి. పెరట్లో గొయ్యి తవ్వి, పైపో పలకో దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి పూడుస్తారు. ఎర్తింగ్ పద్ధతులు చెప్పే భారత ప్రమాణం ఐఎస్ 3043. 1987 నాటి ఈ ప్రమాణాన్ని 2018లో సవరించారు. దాని లెక్క ప్రకారం పైపు అయితే రెండున్నర మీటర్ల పొడవు, పలకైతే 60 సెంటీమీటర్ల చదరం ఉండాలి. ఇల్లు కట్టిన కొత్తలో అంతా బాగానే ఉంటుంది. ఇరవై ఏళ్లు గడిచేసరికి పైపు తుప్పుపడుతుంది. ఉప్పు కరిగిపోతుంది. గొయ్యి మీద సిమెంటు గచ్చు పడుతుంది. వేసవిలో మట్టి ఎండి పగుళ్లిస్తుంది.

ఇక్కడ చిన్న లెక్క చూద్దాం. ఎర్తు నిరోధం 20 ఓములుందనుకోండి. గీజరులో ఫేజు తీగ నేరుగా ఒంటికి తగిలితే గొయ్యిలోకి పారే కరెంటు పదకొండున్నర యాంపియర్లు. 16 యాంపియర్ల ఎంసీబీ కదలదు. గీజరు ఒళ్లు దాదాపు పూర్తి వోల్టేజీతో అలాగే ఉండిపోతుంది. ఎర్తు ఉంది, ఎంసీబీ ఉంది, షాకూ ఉంది!

మరి ఎలక్ట్రీషియన్ బల్బు పెట్టి చూపించాడే? ఫేజుకూ ఎర్తుకూ మధ్య వంద వాట్ల బల్బు పెడితే దేదీప్యమానంగా వెలిగిందే? ఆ బల్బు వెలగడానికి అర యాంపియర్ కూడా అక్కర్లేదు. వెలుగుతున్నప్పుడు బల్బు నిరోధమే 500 ఓములపైన ఉంటుంది. దానికి ఇంకో యాభై ఓముల పాడు ఎర్తు కలిసినా వెలుగులో తేడా మన కంటికి పెద్దగా ఆనదు. బల్బు వెలిగితే ఎర్తు తీగ ఎక్కడో భూమికి తగిలిందని తెలుస్తుంది, అంతే. ఎర్తు బాగుందో లేదో చెప్పాల్సింది కొలిచే మీటరు.

మరికొన్నిచోట్ల అసలు గొయ్యే ఉండదు. సాకెట్టు వెనకాల న్యూట్రల్ తీగనే ఎర్తు పిన్నుకు కలిపేస్తారు. టెస్టర్ పెడితే అన్నీ సవ్యంగానే ఉన్నట్టుంటాయి. ఎక్కడైనా ఆ న్యూట్రల్ తెగిందా... గీజరు ఒంటికి, వాషింగ్ మెషీన్ ఒంటికి నేరుగా 230 వోల్టులు వచ్చేస్తాయి. ఇంత ప్రమాదకరమైన అడ్డదారి మరోటి లేదు.

ప్రాణం కాసే పెట్టె

ఈ చిక్కులన్నిటికీ ముందు నిలబడే రక్షణ ఆర్‌సీసీబీ. పాతవాళ్లు ఈఎల్‌సీబీ అంటుంటారు. డాల్జీల్ ఆలోచన లాంటిదే ఇదీ. ఫేజులోంచి ఎంత కరెంటు వెళ్లిందో, న్యూట్రల్‌లోంచి అంతే తిరిగొచ్చిందా అని క్షణక్షణం లెక్క చూసుకుంటుంది. పదిచ్చి తొమ్మిది తిరిగొస్తే ఆ ఒకటి ఎటు పోయినట్టు? గొట్టంలోకో, గోడలోకో, మనిషిలోకో! తేడా 30 మిల్లీ యాంపియర్లకు చేరేసరికి సెకనులో మూడో వంతు కూడా గడవకముందే కరెంటు కట్ చేస్తుంది. లీకేజీ 150కి చేరితే అందుకు పట్టేది సెకనులో ఇరవై అయిదో వంతే.

ఎర్తు లేని ఇంట్లోనూ ఇది పనిచేస్తుంది. అయితే మనం ముట్టుకుని, కరెంటు మన ఒంట్లోంచి పారాకే దానికి తెలుస్తుంది. ఎర్తు ఉంటే లీకేజీ మొదలవగానే, మనం బాత్‌రూమ్‌లో అడుగు పెట్టకముందే పడిపోతుంది. 20 ఓముల గొయ్యి ఎంసీబీని కదిలించలేకపోయింది కదా. అదే గొయ్యి ఆర్‌సీసీబీకి ధారాళంగా సరిపోతుంది. రెండూ కలిస్తేనే అసలు బలం.

కొనేటప్పుడు దాని మీద అంకె చూడండి. మనుషుల రక్షణకు 30 మిల్లీ యాంపియర్లది కావాలి. 100, 300 అని ఉన్నవి షాక్ నుంచి మనిషిని కాపాడే పనికి చాలవు. దాని మీద ‘టి’ అని ఓ బొత్తాం ఉంటుంది. నెలకోసారి నొక్కాలి. టక్కున పడిపోతే బాగున్నట్టు. పడకపోతే మార్చేయాల్సిందే.

పాత ఇళ్లలో ఓ తంటా ఉంది. ఆర్‌సీసీబీ పెట్టిన రోజే మాటిమాటికీ పడిపోతుంటుంది. ఇన్వర్టరు లైన్ల న్యూట్రల్ వేరే లైన్లతో కలిసిపోయి ఉండొచ్చు. గోడ చెమ్మలో పాత తీగ లీకవుతుండొచ్చు. ‘ఈ ఇంటికి ఇది పనికిరాదండీ’ అని తీసేసి నేరుగా కలిపేస్తే ఇంట్లో వాళ్లూ ఊపిరి పీల్చుకుంటారు. కానీ అది పడిపోతోందంటే చెడిపోయిందని తేల్చేయకండి. ఇంట్లో ఎక్కడో కరెంటు లెక్క తప్పుతోందని చెబుతోందేమో చూడండి. సర్క్యూట్లు ఒక్కొక్కటే విడదీసి వెతికితే తప్పెక్కడుందో దొరుకుతుంది. కుక్క మొరుగుతోందని కుక్కను తరిమేస్తే దొంగ పోతాడా?

గీజరు లోపల...

గీజరులో నీళ్లను వేడిచేసేది ఎలిమెంటు. లోహపు గొట్టం మధ్యలో వేడెక్కే తీగ, రెండింటి మధ్య కరెంటు బయటికి రాకుండా మెగ్నీషియం ఆక్సైడ్ పొడి. మన బోరు నీళ్ల సంగతి తెలిసిందే కదా. బకెట్టు అంచున తెల్లటి చారలు కట్టే ఆ సున్నమే ఎలిమెంటు మీదా పేరుకుంటుంది. వేడి నీళ్లలోకి సరిగా దిగక గొట్టం విపరీతంగా కాలుతుంది. ఓ రోజు సన్నగా పగులుతుంది. తేమ లోపలి పొడికి తగులుతుంది. లీకేజీ మొదలు. నీళ్లు మాత్రం యథాప్రకారం వేడెక్కుతూనే ఉంటాయి. అందుకే అనుమానం రాదు.

గీజరు ఆపేశాం కదా అన్న ధీమా కూడా అన్నివేళలా పనికిరాదు. పాత వైరింగులో ఫేజు, న్యూట్రల్ తారుమారై ఉంటే స్విచ్ కట్టేసేది న్యూట్రల్‌నే. ఎర్రలైటు ఆరిపోతుంది, ఫేజు మాత్రం గీజరు లోపలే ఉంటుంది. రెండు తీగలనూ ఒకేసారి విడదీసే రెండు పోళ్ల స్విచ్ పెట్టించుకుంటే ఈ ముప్పు తప్పుతుంది. అదీ బాత్‌రూమ్ బయటే ఉండాలి.

మూడో పిన్ను విరగ్గొట్టి రెండు పిన్నుల సాకెట్టులో గుచ్చడం, బకెట్టులో హీటరు రాడ్డు వేసి ‘వేడెక్కాయా’ అని వేలు పెట్టి చూడటం... ఈ రెండూ ఇక చాలిద్దాం. రాడ్డు తప్పనిసరైతే ప్లాస్టిక్ బకెట్టులోనే వాడండి. ప్లగ్గు పీకి పక్కన పెట్టాకే నీళ్లు ముట్టుకోండి.

ఏమేం కలపాలి... ఏవి వద్దు?

ఇక బాండింగ్ తీగ సంగతి. గదిలో గీజరు, లైటు, ఎగ్జాస్ట్ ఫ్యాను వంటివాటి ఎర్తులు, నేలలోంచో గోడలోంచో వచ్చే లోహపు పైపులు ఒకదానితో ఒకటి కలవాలి. బ్రిటన్ నియమాల్లో ఈ తీగ గొట్టంలో రక్షణగా వెళ్తే రెండున్నర, బయటికి ఉంటే నాలుగు చదరపు మిల్లీమీటర్ల రాగిది కావాలి. పైపు మీద రంగు, తుప్పు గీకేసి శుభ్రమైన లోహం మీద క్లాంపు బిగించాలి. ఉత్తినే చుట్టి వదిలేయకూడదు. క్లాంపు టైల్స్ వెనకాల పూడ్చేయకుండా తర్వాత చూసుకోవడానికి వీలుగా ఉండాలి.

ప్లాస్టిక్ పైపులకు తీగ చుట్టడం దండగ. గోడకు మరలతో బిగించిన టవల్ రాడ్డు, సబ్బు పెట్టె, అద్దం ఫ్రేము లాంటివాటినీ కలపనక్కర్లేదు. వాటికి భూమితో సంబంధం లేదు, వాటిలోకి కరెంటు వచ్చే దారీ లేదు. ఇనుప కిటికీ, తలుపు చట్రం గోడలోని ఇనుముకు తగిలి ఉన్నాయో లేదో మీటరు పెట్టి చూసి నిర్ణయించాలి.

దీనికి తగిన సమయం ఏదంటే... బాత్‌రూమ్ బాగుచేయించేటప్పుడు. టైల్స్ మార్చేటప్పుడు ఎలాగూ గోడ తెరుస్తారు. ప్లంబరు, ఎలక్ట్రీషియన్ ఇద్దరూ ఆ రోజుల్లోనే ఇంట్లో ఉంటారు. టైల్స్‌కు పెట్టే ఖర్చు ముందు ఈ నాలుగు మూరల తీగ, క్లాంపుల ఖర్చు ఎంతని? ఒక్కసారి టైల్స్ పడ్డాక ఎవరికీ మళ్లీ పగలగొట్టాలనిపించదు.

ఎలక్ట్రీషియన్‌ను ఇవి అడగండి

* మా ఎర్తు నిరోధం ఎంతుందో మీటరుతో కొలిచి చెబుతావా?

* గీజరు సాకెట్టులో ఎర్తు తీగ నిజంగా మెయిన్ బోర్డు దాకా వెళ్లిందా? న్యూట్రల్‌కు కలిపి ఉందా?

* గీజరు, బాత్‌రూమ్ లైటు, వాషింగ్ మెషీన్... అన్నీ 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ కిందికి వస్తున్నాయా?

* ఫేజు, న్యూట్రల్ సరైన చోటే ఉన్నాయా?

* గీజరు ఒంటికీ ప్రతి ఇనుప పైపుకూ మధ్య మీటరు పెడితే నిరోధం దాదాపు సున్నా వస్తోందా?

ఇవన్నీ మెయిన్ ఆపి, తెలిసినవాళ్లు చేయాల్సిన పనులు. సొంతంగా ప్రయోగాలు వద్దు. కొళాయి ఇప్పటికే జివ్వుమంటుంటే, ఇవన్నీ సరిచూసేదాకా గీజరు ప్లగ్గు పీకేసి ఉంచడమే మంచిది. అప్పటికీ షాక్ ఆగకపోతే పక్క వాటా వాళ్లకూ చెప్పండి.

ఎవరికైనా షాక్ కొట్టి కొళాయికి అతుక్కుపోతే ముందు మనిషిని పట్టుకోకండి. మెయిన్ కట్టేయండి. కుదరకపోతే పొడి నేలమీద నిలబడి పొడి కర్రతోనో ప్లాస్టిక్ కుర్చీతోనో విడదీయండి. వెంటనే 108కి ఫోన్ చేయించండి. స్పృహ, శ్వాస లేకపోతే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదానిమీదొకటి ఉంచి, నిమిషానికి 100 నుంచి 120 సార్ల వేగంతో గట్టిగా నొక్కుతూ ఉండాలి. అంబులెన్సు వచ్చేదాకా ఆపకూడదు. మరో మాట. ఇంట్లో పిల్లలు, పెద్దవాళ్లు ఉంటే బాత్‌రూమ్‌కు బయటి నుంచి కూడా తెరవగలిగే గడియ పెట్టించండి.

పాత ఇళ్లు ఎంత గట్టివో మనకు తెలుసు. రెండడుగుల మందం గోడలు, టేకు తలుపులు చూసుకుని మురిసిపోతాం. అయితే ఆ గోడల్లోని పైపులు మనం కట్టినప్పటివి కావు, ముక్కముక్కగా మారిపోయాయి. తీగలు మాత్రం అప్పటివే. ఇనుము పోయి ప్లాస్టిక్ వచ్చినప్పుడల్లా ఒక లంకె తెగుతుంది. దాన్ని మళ్లీ కలిపే పూచీ మనదే. ఈసారి ప్లంబర్ పైపు కోస్తుంటే ‘ఎలక్ట్రీషియన్‌ను కూడా పిలవనా?’ అని అడగండి. ఒక్క పూట పని ఆలస్యమవుతుందేమో. అవనివ్వండి.